ఫోను పక్కనబెట్టిన గంట



భస్మ బుధవారం నాడు మొదలై ఈస్టరు ముందురోజు దాకా, మధ్యలో వచ్చే ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. కతోలికులు దీన్ని తపస్సు కాలం అంటారు. మన ఊళ్లలో మామూలుగా శ్రమల దినాలు అనేస్తాం. బాప్టిస్టు, మెన్నొనైట్ సంఘాలకు ఇది పాత ఆచారం కాదు గానీ, ఇప్పుడు అక్కడా సాయంత్రం పూట ధ్యానకూడికలు పెట్టుకుంటున్నారు. ఈ రోజుల్లో కొందరు మాంసం ముట్టరు, కొందరు ఒక పూట ఉపవాసం ఉంటారు. ఈమధ్య నల్లగొండలో, పాలమూరులో చదువుకునే పిల్లల నోట ఇంకో మాట వినపడుతోంది: ఈ నలభై రోజులు ఇన్‌స్టాగ్రామ్ తీసేస్తాం, స్టేటస్‌లు చూడం, ఫేస్‌బుక్ జోలికి పోం అని.

మంచి నిర్ణయమే. 2020 ఫిబ్రవరి 26న, ఆ ఏటి భస్మ బుధవారం నాడు, పోప్ ఫ్రాన్సిస్ కూడా ఇదే అడిగారు. టీవీ కట్టేసి బైబిలు తెరవమన్నారు, సెల్‌ఫోను వదిలి సువార్తను పట్టుకోమన్నారు. నెల తిరక్కముందే లాక్‌డౌన్ వచ్చి, మందిరాలే సెల్‌ఫోనులోకి వెళ్లిపోయాయి. ఆ రోజుల్లో మంచం మీదున్న ముసలివాళ్లకు వాక్యం అందించింది ఆ ఫోనే. అందుకని దాన్ని తిట్టడానికి నేను ఈ మైకు ముందు కూర్చోలేదు. ఫోను పక్కనబెట్టాక మిగిలే గంటను గురించి మాట్లాడదామని వచ్చాను.

ఎందుకంటే ఆ గంట దానంతటది పుస్తకం దగ్గరికి పోదు. 2018లో అమెరికా ఎన్నికల ముందు కొందరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. ఫేస్‌బుక్ వాడేవాళ్లలో కొంతమంది చేత నాలుగు వారాల పాటు ఖాతా ఆపేయించారు. ఒక్కొక్కరికి రోజుకు సుమారు గంట మిగిలింది. మనసు కాస్త తేలికపడిందని కూడా వాళ్లు చెప్పారు. మరి ఆ గంట ఎటు పోయింది? కొంత ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిచింది. కొంత ఒంటరిగా టీవీ ముందు కరిగిపోయింది. మన దగ్గరైనా అంతే. చేతిలోంచి ఫోను తీసి పెట్టినంత మాత్రాన మనసు కుదురుకోదు. దానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. క్రైస్తవ కుటుంబాలకు ఆ ఇవ్వదగినది ఇంట్లోనే, బీరువా మీద బట్ట కప్పి ఉందని నా నమ్మకం.

పొద్దున లేస్తూనే మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని వాక్యాలు వచ్చి పడతాయో మీకు తెలుసు. పువ్వుల బొమ్మ మీద ఒక వచనం, సూర్యోదయం మీద ఒక వచనం. పంపినవాళ్ల ప్రేమ నిజమైనదే, అందులో నాకు సందేహం లేదు. కానీ వాటిలో ఎన్నింటి దగ్గర మనం ఒక్క నిమిషం ఆగుతున్నాం? రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పంపించి, తర్వాతి దానికి పోతున్నాం. వాక్యం కంట పడింది, అంతే. చదవడమంటే ఒకచోట ఉండిపోవడం. అర్థం కాని చోట వెనక్కి వెళ్లడం, గుచ్చుకున్న చోట పుస్తకం మూసి కూర్చోవడం.

ఈ నేల మీద చదువు ఎంత కష్టపడి వచ్చిందో తలుచుకుంటే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు మన దేశంలో అచ్చు కాలేదు. 1746లో జర్మనీలోని హాలె నగరంలో, బెంజమిన్ షుల్జ్ అనే పాదిరి వేయించిన చిన్న క్రైస్తవ బోధ పుస్తకాలు అవి. అంటే భక్తి పుస్తకం తెలుగు అచ్చంత పాతది. కానీ నల్లగొండ, పాలమూరు వాడల్లోకి పుస్తకం రావడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది. నిజాం రాజ్యంలో చదువొచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేని కాలం అది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక వచ్చింది. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో 'గోలకొండ పత్రిక' పెట్టారు. తెలుగు చదవడమే ఒక పోరాటమైన రోజుల్లో వాళ్లు చేసిన మేలు మరువలేనిది.

ఆ పత్రికలు అంత సులువుగా చేరని మాల, మాదిగ వాడల్లోకి పుస్తకం మరో దారిన వచ్చింది. 1889లో అబ్రహాం ఫ్రీజెన్, ఆయన భార్య మరియ, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలోని జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ పల్లెల నుంచి బయల్దేరి ఈ దేశానికి వచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున నల్లగొండలో స్థిరపడ్డారు. 1899లో అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనరీలు హైదరాబాదు చేరారు. తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి అంతటా వాళ్ల కాంపౌండ్లు వెలిశాయి. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల మిషను కేంద్రాలు కూడా బాప్టిస్టుల చేతి నుంచి వాళ్ల చేతికి వచ్చాయి. ఆ కాంపౌండ్లలో బోర్డింగు బడులు పెట్టారు. ఆ బడుల్లో అక్షరాలు నేర్చిన మన ఆడవాళ్లు 'బైబిలు స్త్రీలు'గా ఊరూరా నడిచిపోయి, కందిలి వెలుగులో నలుగురిని కూర్చోబెట్టి చదివి వినిపించారు. చాలా ఇళ్లలో గడప దాటి లోపలికి వచ్చిన మొదటి పుస్తకం బైబిలు, రెండోది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. అక్షరం రాని అవ్వ కూడా ఆ రెండో పుస్తకంలో సగం నోటికి చెప్పేది. ఎందుకంటే ఒకరు చదువుతుంటే పదిమంది వినేవాళ్లు. ఆ ఆడవాళ్ల పేర్లు మనం రాసిపెట్టుకోలేదు. మిషనరీ దొరల పేర్లు మాత్రం పలకల మీద చెక్కి ఉన్నాయి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఆ దొరలు తమ వెంట ఏ పుస్తకాల జ్ఞాపకం తెచ్చుకున్నారో కూడా చెప్పాలి. మెన్నొనైట్లు మొదట యూరపులో వేటాడబడిన జనం. పదహారో శతాబ్దంలో, పెద్దయ్యాక తనంతట తాను నమ్మి తీసుకునేదే బాప్తిస్మం అన్నందుకు, కత్తి పట్టం అన్నందుకు వాళ్లను వందల సంఖ్యలో చంపారు. వాళ్ల కథలన్నీ కూర్చి 1660లో తీలెమాన్ వాన్ బ్రాక్ట్ అనే డచ్చి పాస్టరు ఒక పెద్ద గ్రంథం వేశాడు. ఇంగ్లీషులో 'మార్టర్స్ మిర్రర్' అంటారు, హతసాక్షుల అద్దం అన్నమాట. మెన్నొనైట్లు బైబిలు తర్వాత అంత గౌరవంగా చూసుకున్న పుస్తకం అదే. అందులో డిర్క్ విల్లెమ్స్ అనే మనిషి కథ ఉంది. ఇది నిదానంగా చెబుతాను, వినండి.

హాలండులో ఆస్పెరెన్ అనే ఊరు. డిర్క్ చేసిన నేరం మళ్లీ బాప్తిస్మం తీసుకోవడం, తన ఇంట్లో ఇంకొందరు తీసుకోనివ్వడం. పట్టుకుని కోటలో పెట్టారు. అతను పాత గుడ్డలు ముడివేసి తాడు పేని, కిటికీలోంచి కిందికి దిగి పారిపోయాడు. చలికాలం. ఎదురుగా చెరువు, మీద మంచు గడ్డకట్టి ఉంది. గడ్డకట్టిన చెరువు మనవాళ్లలో చాలామంది కళ్లతో చూసి ఉండరు. పానగల్లు ఉదయసముద్రం మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కాలినడకన పోతున్నట్టు ఊహించుకోండి. జైలు కూడు తిని చిక్కి సగమైన మనిషి కాబట్టి పలచని మంచుపొర అతన్ని మోసింది. అతను దాటేశాడు. వెనక తరుముకొచ్చిన భటుడు బాగా తిని ఉన్నవాడు. పొర పగిలి నీళ్లలో పడ్డాడు.

డిర్క్ ఒడ్డు చేరాడు. ఇంకో పదడుగులు వేస్తే ప్రాణం దక్కుతుంది. అతను వెనక్కి తిరిగాడు. వచ్చి, చెయ్యి అందించి, మునిగిపోతున్నవాణ్ణి పైకి లాగాడు. బయటపడ్డ భటుడు ఇతన్ని వదిలేద్దామనే చూశాడు. కానీ ఊరి పెద్ద అవతల గట్టు మీద నుంచి, నువ్వు చేసిన ప్రమాణం గుర్తుంచుకో అని అరిచాడు. పట్టుకున్నారు. 1569 మే 16న డిర్క్‌ను కాల్చి చంపారు.

ఈ కథ ముప్పై సెకన్ల వీడియోగా వస్తే మనం ఏం చేస్తాం? ఎంత గొప్పవాడో అనుకుంటాం, షేర్ చేస్తాం. ఆ వెంటనే కింద నుంచి ఏ వంట వీడియోనో పైకి వచ్చి డిర్క్‌ను తోసేస్తుంది. అదే కథ పుస్తకంలో చదివితే పేజీ చివర మనం ఒంటరిగా మిగిలిపోతాం. ఆ ఒడ్డున నేనుంటే వెనక్కి తిరిగేదాన్నా అనే ప్రశ్న వదలదు. నన్ను ఇంకా వెంటాడే మనిషి ఆ భటుడు. తనను బతికించినవాణ్ణి తన చేతులతోనే పట్టిచ్చి, ఆ రాత్రి ఇంటికి పోయి అన్నం ఎలా తిన్నాడు? ఉద్యోగం కోసం, పెద్దల మాట కోసం మనం కూడా ఎవరినైనా అలా పట్టిస్తున్నామా? ఆ ప్రశ్న పక్కన ఓ రోజంతా కూర్చోవలసి వస్తుంది. ఫోను ఆ ఒక్క రోజును మనకు ఇవ్వదు.

తెలుగులో దొరికే పుస్తకాల దగ్గరికి వస్తాను. 'యాత్రికుని ప్రయాణము' మన పాత క్రైస్తవ ఇళ్లలో చాలామందికి తెలిసిన పేరు. రాసిన జాన్ బన్యన్ పాత గిన్నెలకు మాట్లు వేసి బతికినవాడు. అనుమతి లేకుండా వాక్యం చెప్పాడని ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ జైలులో పన్నెండేళ్లు ఉంచారు. పుస్తకం 1678లో అచ్చయింది. వీపు మీద పెద్ద మూట మోసుకుని ఇల్లు విడిచి పోయే మనిషి కథ అది. వలస బాట పట్టిన పాలమూరు జిల్లాలో ఆ మూటను ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఆ కథ నడిమధ్యలో యాత్రికుడూ అతని స్నేహితుడూ దారి తప్పి, నిరాశ అనే రాక్షసుడి చేతికి చిక్కుతారు. అనుమానాల కోటలో, చీకటి కొట్టులో బుధవారం నుంచి శనివారం దాకా పడి ఉంటారు. తిండి లేదు, నీళ్లు లేవు. దెబ్బలు తప్ప పలకరింపు లేదు. శనివారం రాత్రంతా ప్రార్థన చేసి, ఇక తెల్లవారబోతుందనగా యాత్రికుడికి గుర్తొస్తుంది, తన రొమ్ము దగ్గరే ఒక తాళంచెవి ఉందని. దాని పేరు వాగ్దానం. ఆ కోటలో ఏ తలుపైనా దానితో తెరుచుకుంటుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా. తెల్లారేసరికి అది అందరి స్టేటస్‌లోనూ ఉంటుంది. బన్యన్ చేతిలో అదే వాగ్దానం నాలుగు రోజుల చీకటి తర్వాత దొరికింది. చదివేవాడు కూడా ఆ నాలుగు రోజులూ కొట్టులో ఉండి రావాలి. పేజీలు దాటేసి తాళంచెవి దగ్గరికి దూకితే అది ఇనుపముక్కే. ఆపరేషను అయి మంచం మీదున్నవాళ్లకు, పరీక్ష తప్పి ఇంట్లో తలుపేసుకున్న పిల్లలకు ఈ ఒక్క అధ్యాయం చదివి వినిపించమని నేను ఎంతోమందిని అడిగాను. ఇప్పుడు మిమ్మల్నీ అడుగుతున్నాను.

ఇక 'ఎడారిలో సెలయేర్లు'. చాలా ఇళ్లలో ఉంటుంది, రోజుకొక పేజీ. దాన్ని కూర్చిన లెట్టీ కౌమన్, ఆమె భర్త చార్లెస్ జపానులో మిషనరీలుగా పనిచేసినవాళ్లు. ఆయనకు గుండెజబ్బు వచ్చింది. ఆరేళ్లు పక్కనుండి సేవ చేసింది. 1924లో ఆయన చనిపోయాడు, పుస్తకం 1925లో వచ్చింది. ఆమె ప్రార్థించింది, ఆయన బాగుపడలేదు. అయినా ఆ పుస్తకం పుట్టింది. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మర్రిగూడ వైపు మనుషులకు ఇలాంటి పుస్తకం చదివి వినిపించగలం, కళ్లలో కళ్లు పెట్టి చూడగలం. నమ్మితే కారొస్తుంది, వీసా వస్తుంది అని చెప్పే పుస్తకాలు కూడా మార్కెట్లో బోలెడున్నాయి. వాటి అట్టలు బాగా మెరుస్తాయి. ఈ నలభై రోజుల్లో వాటిని మాత్రం చేతిలోకి తీసుకోవద్దని నా మనవి. శ్రమను దాచిపెట్టే పుస్తకం శ్రమల దినాల్లో చదవదగినది కాదు.

తెలుగువాళ్లం గనుక గుర్రం జాషువాను వదిలిపెట్టి పోలేం. వినుకొండలో పుట్టి, అంటరానివాడని అడుగడుగునా అవమానం పడ్డ కవి 'క్రీస్తు చరిత్ర'ను పద్యాల్లో రాశాడు. 1964లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పద్యం కంటితో చదివేది కాదు, నోటితో చదవాలి. మొదట తడబడతారు. మూడో పద్యానికి నడక దొరుకుతుంది. పదో తరగతి పిల్లల చేత చదివించండి, తెలుగు పరీక్షకూ పనికొస్తుంది. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే సాధు సుందర్‌సింగ్ పుస్తకాల గురించి అడిగి చూడండి. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన తన మొదటి పుస్తకాన్ని ఉర్దూలోనే రాశాడు. అది వచ్చింది 1922లో.

నోటితో చదవడం అన్నాను గనుక ఇంకొకరి సంగతి చెప్పాలి. కోరీ టెన్ బూమ్ హాలండులో గడియారాలు బాగుచేసే కుటుంబంలో పుట్టింది. హిట్లర్ సైన్యం వచ్చినప్పుడు ఆ కుటుంబం యూదులను ఇంట్లో దాచింది. 1944 ఫిబ్రవరిలో ఆ కుటుంబాన్ని పట్టుకుపోయారు. తర్వాత కోరీ, ఆమె అక్క బెట్సీ రావెన్స్‌బ్రుక్ అనే స్త్రీల నిర్బంధ శిబిరానికి చేరారు. దాచి తెచ్చుకున్న బైబిలు ఒకటే. రాత్రి పూట మసక దీపం కింద డచ్చి భాషలో ఉన్నది జర్మనులో చెప్పేవాళ్లు. విన్నవాళ్లు దాన్ని ఫ్రెంచిలోకి, పోలిష్‌లోకి, రష్యనులోకి మార్చి వెనక వరసలకు అందించేవాళ్లు. ఆ గదినిండా కుట్టే పురుగులు ఉన్నందుకే కాపలావాళ్లు లోపలికి వచ్చేవారు కాదట, అందుకే చదువు సాగింది. బెట్సీ ఆ శిబిరంలోనే చనిపోయింది. కోరీ బతికి వచ్చి చెప్పిన ఈ కథ 1971లో పుస్తకమైంది. మన బైబిలు స్త్రీ కందిలి పెట్టుకుని చదివిందీ ఇలాగే. ఒక గొంతు, చుట్టూ చెవులు.

అందుకే ఈ చదువు ఒంటరిగా చేయకండి అంటాను. రాత్రి అన్నాలు అయ్యాక, చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయే ఆ సమయానికే పుస్తకం తెరవండి. ఒక్క పుస్తకం చాలు, ఐదు పెట్టుకోవద్దు. ఒకరోజు అమ్మ చదవాలి, ఒకరోజు కొడుకు. అత్తమ్మకు కళ్లు కనపడకపోతే ఆమె వినాలి. వింటూ మధ్యలో ఆపి ఏదైనా చెబితే చెప్పనివ్వాలి, అదీ ఆ చదువులో భాగమే. పుస్తకం ఫోనులో పీడీఎఫ్ ఉంది కదా అంటారు పిల్లలు. ఉంది. కానీ పేజీ మీద పేజీ తిప్పుతుండగా పైనుంచి ఒక మెసేజ్ జారుతుంది, అంతటితో డిర్క్ మంచులోనే నిలబడిపోతాడు.

అయితే ఇంటాయన పుణెలోనో ముంబైలోనో పనిమీద ఉంటే, రాత్రి ఎనిమిదింటికి వచ్చే ఆ వీడియో కాల్ మాత్రం ఆపకండి. ఆ ఫోను ఉపవాసం కిందికి రాదు. ఆయన్ను కూడా వినమనండి. నాలుగు పేజీలు చదివినంతసేపు అటువైపు లైను అలా ఉంచమనండి. మానవలసింది వేలు చివర తిరిగే ఆ అంతులేని జాబితాను మాత్రమే.

క్రైస్తవులు కాని శ్రోతలు కూడా ఈ మాటలు వింటున్నారని నాకు తెలుసు. మీ ఇళ్లలో భాగవత పారాయణం ఉంది, రంజాను నెలలో ఖురాను చదువు ఉంది. ఒక నియమం పెట్టుకుని, ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా వినడం ఈ నేలకు కొత్త సంగతి కాదు. ఈ ఏడు ఎప్పుడైనా మీరు కూడా ఫోనుకు సెలవిచ్చి చూడండి.

చివరగా ఒక విన్నపం. శంషాబాదులో మిషనరీ ఇంట 1932లో పుట్టిన పాల్ హీబర్ట్ పెద్దయ్యాక మానవశాస్త్రవేత్త అయ్యాడు. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెలో ఉండి, ఆ ఊరి జీవితం మీద 'కొండూరు' అనే పుస్తకం ఇంగ్లీషులో రాశాడు. 1971లో అచ్చయింది. ఒక పల్లెను అంత ఓపికగా చూసి రాసినట్టే, మన వాడల చదువు కథ కూడా ఎవరో ఒకరు రాయాలి. దానికి ఆధారాలు మీ ఇళ్లలో ఉన్నాయి. అట్ట ఊడిన కీర్తనల పుస్తకం, బోర్డింగులో బహుమతిగా ఇచ్చిన సువార్త పుస్తకం, పాత పండుగ సభల కరపత్రాలు. వాటి మొదటి పేజీలో ఎవరి పేరో, ఏ ఊరో, ఏ ఏడో సిరాతో రాసి ఉంటుంది. వాటిని పాత పేపర్లవాడికి తూకానికి వెయ్యకండి. ఈ నలభై రోజుల్లో ఒకసారి కిందికి దింపి, దుమ్ము దులిపి, ఆ పేరు ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. మీ దగ్గర దాచుకునే చోటు లేకపోతే మీ పాస్టరుగారికి గానీ, శంషాబాదులోని మెన్నొనైట్ బ్రెదరెన్ సెంటినరీ బైబిల్ కాలేజీకి గానీ అప్పగించే వీలుందేమో కనుక్కోండి. ఆ మొదటి పేజీలో మీకు ఒక బైబిలు స్త్రీ పేరు కనపడితే, దయచేసి ఆ పేరును సంఘంలో అందరి ముందు చదవండి.